బొప్పాయి కాయ తెచ్చిన పేరు

పెళ్లయిన కొత్తలో, కృష్ణపట్నం దగ్గర మా అత్తగారింటివాళ్లు కొత్త పడవను నీళ్లలోకి దింపిన రోజున విందు వంట మొదటిసారి నాకు అప్పగించారు. మాంసం బాగా ముదురు. లైబ్రరీలో చదివింది గుర్తొచ్చి చిన్న పచ్చిబొప్పాయి ముక్క నూరి పట్టించాను. అందులోని ఎంజైము తాను తరగకుండానే మాంసాన్ని విడగొడుతూ పోతుంది కాబట్టి కొంచెం చాలని ఆడబిడ్డకు గర్వంగా చెప్పాను.

పడవ పూజ చూసొచ్చి వండితే మాంసం జావయింది. నేను లేనప్పుడు ఆడబిడ్డ కాయంతా నూరి కలిపేసింది.

"నువ్వే గదా వదినా మంచిదన్నావు," అని నవ్వింది.

విస్తళ్ల ముందు అత్తగారు, "మా చదువుల కోడలు మాంసంతో సంగటి కెలికింది, తినండయ్యా," అంది. అందరూ నవ్వారు, నా భర్త కూడా.

మరిగితే ఎంజైము పని ఆగిపోతుంది. 'సంగటి కోడలు' అన్న పేరు మాత్రం ఇన్నేళ్లయినా ఆగలేదు.