దూదికి అడ్డంగా అక్క

మొన్నామధ్య మా అక్క నలభయ్యో రోజు ఫాతిహా అయ్యి, వచ్చినవాళ్ళంతా భోంచేసి వెళ్ళాక, నల్లపాడులో వాళ్ళింటి వసారాలో అక్క కూతురు నా పక్కన కూర్చుని, గిన్నెలూ తపేలాలూ అన్నీ బొమ్మలు వేశావు కదా పిన్నీ, మా అమ్మనొక్కసారి వేసివ్వవా అని అడిగింది. సరేనన్నాను. ఆ పూట ఎవరేమడిగినా సరేననే అనేదాన్ని. అక్క పోయినప్పటి నుంచి నాకు ఏమీ అనిపించడం లేదు. పన్ను పీకే ముందు ఇంజెక్షన్ ఇస్తే బుగ్గ ఎలా ఉంటుందో మనిషి మొత్తం అలా ఉన్నాను. గుండె గట్టిదని చుట్టాలు నన్ను మెచ్చుకుంటుంటే విని ఊరుకున్నాను.

గుంటూరులో డ్రాయింగ్ టీచరుగా రిటైరయ్యేదాకా, ఆ తర్వాతా నేను నీటిరంగుల్లో వేసినవి ఇంట్లో సామాన్లే. ఉప్పు జాడీ, కిరసనాయిలు స్టవ్వు, నాన్న చెప్పులు, చేటలో ఎండుమిరపకాయలు. కొండలూ కోనలూ వెయ్యవేమని తోటి టీచర్లు ఎగతాళి చేసేవారు. చిన్నప్పుడు నేను ఎక్కడ కూర్చుని బొమ్మలు వేశానో వాళ్ళకు తెలియదు మరి.

మేం దూదేకుల వాళ్ళం. అద్దంకి బజారులో వీధి వైపు గది నాన్నకు పరుపుల కొట్టు, వెనక గది మా ఇల్లు. వెనక గదిలో పట్టపగలు కూడా దీపం కావాలి కనుక, రంగు రంగులా కనిపించాలంటే వీధి గుమ్మం దగ్గరే కూర్చోవాలి. అక్కడేమో నాన్న పాత పరుపులు విప్పి, పెద్ద విల్లు నారిని కొయ్యతో కొడుతూ దూది ఏకుతుంటే, గది నిండా నూగు లేచి, ఇంకెక్కడా చోటు లేనట్టు తిన్నగా వచ్చి నా తడి కాగితం మీదే వాలేది. రంగు ఆరకముందు దాన్ని తీయబోతే రంగు కూడా ఊడొస్తుంది, తీయకపోతే అందులోనే అతుక్కుపోతుంది. ఒకసారి నేను మిరపకాయల బొమ్మ వేస్తే నాన్న తొంగిచూసి, "ఏమే, నీ కాయలకు బూజు పట్టిందే, గుంటూరు తీసుకెళ్ళినా ఎవడూ కొనడు" అన్నాడు. నేను ఏడుపు లంకించుకున్నాను. ఆ వయసులో నాకు ఏడుపు ఇట్టే వచ్చేది.

ఆ మర్నాటి నుంచి అక్క వచ్చి నాకూ నాన్నకూ మధ్య నిలబడేది. వంట మధ్యలో చేతులు తుడుచుకుని వచ్చి, పాత దుప్పటి ఒకటి రెండు చేతులా బార్లా చాపి తెరలా పట్టుకుని, అటు తిరిగి, రంగు ఆరేదాకా కదిలేది కాదు.

"ఆరిందా?"

"ఇంకా లేదక్కా."

"పొయ్యి మీద పప్పు మాడితే అమ్మకు నువ్వే చెప్పుకో మరి."

పప్పు మాడేది, తిట్లు ఆమే తినేది, మర్నాడు మళ్ళీ వచ్చి నిలబడేది. తనను ఎప్పుడూ వెయ్యమనలేదు, కూర్చోమంటే కూర్చునే మనిషీ కాదు. నేను ఉప్పు జాడీని చూస్తూ ఉండేదాన్ని, జాడీ మీంచి తలెత్తితే అక్క వీపు కనిపించేది.

సరేనని వచ్చాను కదా, ఇంటికొచ్చి కాగితం ముందు కూర్చుంటే అక్క ముఖం రాలేదు. ఇన్నేళ్ళు చూసిన ముఖం. పెళ్ళిళ్ళలో తీసిన ఫొటోలు ఎదురుగా పెట్టుకుని వేస్తే ఆధార్ కార్డు మీద ఉండే మనిషెవరో వచ్చింది. రెండు మూడు కాగితాలు చించాను. బాధ కూడా వెయ్యలేదు, విసుగేసింది. చివరికి చెయ్యి దానంతటది పోయిన దారినే పోనిచ్చాను. జడ, రెండు భుజాలు, చాపిన చేతులు, పైకి లేచిన మోచేతులు వచ్చాయి. దుప్పటి వెయ్యలేదు, ఓపిక లేకపోయింది.

నిన్న అక్క కూతురు వచ్చింది. ముఖం ఏది పిన్నీ అని అడుగుతుందనుకుని, జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. అది చాలాసేపు చూసింది. "అమ్మే. మా నాన్న కొట్టడానికి వచ్చినప్పుడు మా ముందు ఇలాగే నిలబడేది" అంది. బొమ్మను చీరలో చుట్టి సంచిలో పెట్టుకుంది.

నాకు ఆ సంగతి తెలియదు. మా బావ పోయి చాలా ఏళ్ళయింది. నేను పండక్కి వెళితే గేటు దాకా ఎదురొచ్చి సంచీ అందుకునే మనిషి. పిల్లలకు అడ్డంగా నిలబడినప్పుడు అక్క ముఖం ఎలా ఉండేదో చూసినవాడు ఆయన ఒక్కడే. పిల్లలు చూసిందీ నేను చూసిన వీపునే.

బస్సు వేళయిందని అక్క కూతురు వెళ్ళిపోయాక కూడా నాకు ఏడుపు రాలేదు, వస్తే బాగుండునని మాత్రం మొదటిసారి అనిపించింది. కాలం మారిందని మన వయసువాళ్ళం ఊరికే నిట్టూరుస్తాం కానీ, ఇప్పటి ఆడపిల్లలు ఇలాంటివి గుమ్మంలో చెప్పులేసుకుంటూ కూడా చెప్పేయగలుగుతున్నారు. అక్కా నేనూ పక్కపక్కన పడుకుని కూడా చెప్పుకోలేదు. ప్రతి వేసవిలో అక్క నా దగ్గరకొచ్చి కొన్నాళ్ళు ఉండేది. నేను కొత్తగా వేసిన బొమ్మలన్నీ ఒక్కొక్కటే తీసి చూపిస్తుండేదాన్ని, ఆమె బాగున్నాయే అంటూ చూస్తుండేది.