నిద్ర, నిద్దుర

భీమశంకరరావు మాస్టారి చొక్కా జేబులో ఎప్పుడూ శారదా నది గులకరాయి ఒకటి ఉంటుంది. పాఠం చెబుతూ దాన్ని బొటనవేలితో రుద్దుతుంటారు. ప్రకృతి గురించి జర్మన్ తత్వవేత్తలు చెప్పినదాని మీద పదేళ్లు కూర్చుని డాక్టరేటు తెచ్చుకున్న మనిషి. చేరేవాళ్లు లేక కాలేజీ తత్వశాస్త్రం ఎత్తేశాక, అనకాపల్లి బెల్లం మార్కెట్ వెనక ట్యుటోరియల్లో పదో తరగతికి ప్రకృతి–వికృతులు వల్లె వేయిస్తున్నారు. రాత్రి, రాతిరి. నిద్ర, నిద్దుర. సుద్దపొడి మీసానికి పట్టినా తుడుచుకోరు.

నిన్న 'నిద్ర' దగ్గర నోరు జారారు. "రాయి కూడా నిద్రపోతున్న మనసేనర్రా," అంటూ గులకరాయి తీసి చూపించారు. పిల్లలు పకపకా నవ్వారు. బుచ్చయ్యపేట నుంచి బస్సులో వచ్చే ధనశ్రీ మాత్రం నవ్వలేదు.

"మరెప్పుడు లెగుత్తాది సార్?"

"మనిషిలో లేస్తుందమ్మా. రాయినీ చెట్టునీ జంతువునీ దాటొచ్చి, మనలో కళ్లు తెరుస్తుంది."

ఆ పిల్ల ఆయన ముఖంలోకి కాసేపు చూసింది.

"మీలో లెగిసిందా సార్?"

ఆ గొంతులో వేళాకోళం లేదు. మాస్టారు రాయిని జేబులో వేసుకుని బోర్డు వైపు తిరిగారు.

"నిద్ర," అన్నారు.

"నిద్దుర," అంది క్లాసు.

గంట కొట్టేదాకా ఇంకో మాటకి వెళ్లలేదు.