కూర్చుంటే లేవగలిగే కుర్చీ

జనగామలో మా ఆడవాళ్ల పఠన మందిరానికి ఆరు కుర్చీలు కావాలి. ప్లాస్టిక్‌వి చాలని కమిటీ అంది. పాత బండ్ల చెక్కతో, గనుల తుక్కు ఇనుముతో శిల్పాల్లాంటి కుర్చీలు చేసే మల్లయ్య భూపాలపల్లిలో ఉన్నాడని నేను పట్టుబట్టాను. మాదిరి కుర్చీ చూసి సాయంత్రంలోగా చెప్పు, లేదంటే ప్లాస్టిక్‌వే అన్నారు. మహబూబాబాద్‌లో పాత ఎడ్ల కాడి దొరికితే తెమ్మని మల్లయ్య ఫోన్లో చెప్పాడు.

ఆరున్నర రైలెక్కి, ఎనిమిదిన్నరకు మహబూబాబాద్‌లో దిగి, ఇడ్లీ తిని, పాత కలప దుకాణంలో కాడి కొన్నాను. నర్సంపేట బస్సులో ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇచ్చిన కండక్టర్ కాడి వైపు చూశాడు.

"నీకు ఫ్రీ అక్కా. దానికి లగేజీ పడతది."

వాదించాను, ఓడాను. పక్క సీటు అవ్వ ఊరుకోలేదు.

"కాడి సరే బిడ్డా, ఎడ్లేవి?"

"ఎనక బస్సుల వస్తున్నయ్ అవ్వా."

నర్సంపేటలో, ములుగులో బస్సులు మారి ఒంటిగంటన్నరకు భూపాలపల్లి చేరాను. మల్లయ్య రేకుల షెడ్డులో కుర్చీని చూసి దాని చుట్టూ ఒకసారి తిరిగాను. అలాంటిది ఎక్కడా చూడలేదు. బండి చక్రం ఆకులు వెనక విసనకర్రలా విచ్చుకున్నాయి, ఇనుప కాళ్లు కొంగ కాళ్లలా వంగాయి. కూర్చున్నాను. బాగా కిందికి ఉంది, ఆనుకోడానికి చేతులు కూడా లేవు. లేవబోతే మోకాళ్లు మొరాయించాయి. రెండోసారి కూడా అంతే.

"సక్కగున్నదన్నా. గని కూసుంటే లేవొస్తలేదు."

"పట్నపోల్లు మూడు కొనుకపోయిన్రు. ఒక్కలన్న అనలే."

"వాళ్లు కూసోలే. పక్కన నిలబడి ఫోటో దిగిన్రు."

అతని ముఖం మాడింది. ఈ ఆరు కుర్చీల బేరం కుదరకపోతే షెడ్డు మూసి, హైదరాబాద్‌లో తలుపులు బిగించే కూలికి పోవాల్సిందేనన్నాడు. నా నాలుకను తిట్టుకున్నాను గానీ మాట వెనక్కి తీసుకోలేదు. ఇనుము అతికే పని చూసే అతని భార్య సరోజన అప్పుడు నోరు తెరిచింది.

"నాగలి చేసినప్పుడు రైతును నిలవెట్టి కొలిచెటోనివి. గీ కుర్సీకి ఎవల్ని కొలిచినవ్?"

మల్లయ్య నన్ను చెప్పులు విడిచి స్టూలు మీద కూర్చోమని, నేల నుంచి మోకాలి దాకా ఒక బద్ద పెట్టి గీత గీశాడు. వాళ్లు పెట్టిన పచ్చిపులుసు అన్నం నేను తినేలోపు సరోజన కాళ్లకు నాలుగు వేళ్ల ఇనుము అతికింది. అతను కాడిని కోసి కుర్చీకి చేతులుగా బిగించాడు. ఎద్దుల మెడలు రాసుకుని నునుపెక్కిన చోట నా అరచేతులు కుదిరాయి. వాటిని ఆనుకుని ఒక్క ఊపులో లేచాను. సరోజన నవ్వింది. మల్లయ్య నవ్వలేదు, ఇంకోసారి కూర్చోమన్నాడు.

మందిరానికి వచ్చే తక్కినవాళ్ల సంగతి అడిగాడు. ఏ కుర్చీలో కూర్చున్నా కాళ్లు నేలకందని, బీడీలు చుట్టే లక్ష్మమ్మ గురించి చెప్పాను. ఆమెకు నా కొలత పనికిరాదు, తానే వస్తానన్నాడు.

నాలుగున్నరకు హనుమకొండ బస్సెక్కి కమిటీ అధ్యక్షురాలికి ఫోన్ చేశాను. పరకాల దాకా వాదించింది, పరకాలలో ఒప్పుకుంది. ఈ దారిన వెళ్లేవాళ్లకు చెప్పేదొకటే: అక్కడి కుర్చీలను పొగిడే ముందు కూర్చోండి, బాగా లేకపోతే చెప్పండి. వాళ్లు వింటారు.

సోమవారం మల్లయ్య కొలబద్దతో జనగామ వస్తున్నాడు. మోకాలు చూపించడానికి సిగ్గుపడేవాళ్లకు ప్లాస్టిక్ కుర్చీ ఉండనే ఉంది.