యార్క్‌లో కొట్టిన హారన్

మా పై ఫ్లాట్ దంపతులు కారు అద్దెకు తీసుకుని ఇంగ్లండ్‌లోని పాత నగరాలన్నీ చుట్టి వచ్చారు. ఆ ఫోటోలు చూపించడానికి శుక్రవారం, ఈ ఎడారి దేశంలో ముఐథర్‌లోని మా ఇంటికి దిగారు. బాత్, ఆక్స్‌ఫర్డ్, యార్క్ కోటగోడలు, ప్రతి గోడ ముందూ ఆమె ఎర్ర కోటు. "మస్తున్నయ్ అక్కా" అంటూనే లోపల ఉడికిపోయాను. మేం చేసిన షికార్లన్నీ ఊళ్లోనే ఉన్న ముషైరిబ్ దాకానే.

అసలు మంట ఆ తర్వాత పుట్టింది. యార్క్‌లో ఓ పాతకాలపు టీకొట్టు ముందు ఆయన కారాపి, ఇక్కడిలాగే కారు దగ్గరికి చిక్కటి కరక్ టీ తెచ్చిస్తారని హారన్ కొట్టాడట. లోపలినుంచి ఓ ముసలావిడ వచ్చి ఇద్దర్నీ కలిపి దులిపేసిందట.

"ఆమె తిడుతాంటే ఈయన రెండు కరక్ టీలని వేళ్లు చూపెట్టిండు చెల్లే! నవ్వలేక సచ్చిన!" అంటూ ఆమె మొగుడి భుజం మీద ఒక్కటిచ్చింది. ఆయన సిగ్గుపడుతూనే మళ్లీ నవ్వాడు.

వాళ్లు వెళ్లగానే, "టీకి పోదాం పా" అని మా ఆయన్ని లేపాను. వీధి చివరి కొట్టు ముందు ఆయన హారన్ కొట్టాడు. టీ వచ్చింది. ఫోన్ చూసుకుంటూ తాగాడు.

"వాళ్లు ఇంగ్లండ్ పోయొచ్చిండ్రనే గదా నీ బాధ? వచ్చే ఏడు మనం గూడ పోదాం తియ్" అన్నాడు.

కోటగోడలెవరికి కావాలి? నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఈ మనిషి ఇన్నేళ్లలో ఒక్కసారైనా అలా తిట్లు తినలేదు.