మెట్ల కింది ఆఖరి సీసా

మా వదిన పోయింది. ఆ సంగతి ఇంట్లో వాళ్ళకంటే ముందు మా చర్చి వాట్సాప్ గ్రూపు నాకు చెప్పింది. "ప్రభువు బల్లకు తన చేతులతో ద్రాక్షారసం సిద్ధపరచిన ధన్యురాలు మెట్టుగూడలో ప్రభువునందు నిద్రించారు" అని కార్యదర్శి పెట్టాడు. దాని కింద దండాలు, పువ్వులు, పొరపాటున ఎవరో నొక్కిన పుట్టినరోజు కేకు. మల్కాజ్‌గిరిలో మా వంటింట్లో నిలబడి ఆ వాక్యం మళ్ళీ చదివాను. ఏడుపు రావలసిన చోట ఒళ్ళు మండింది. నిద్రించినందుకు కాదు, ఎనభై దాటిన మనిషికి నిద్ర న్యాయమే. ద్రాక్షారసం అన్నందుకు. ఆ మాట ఎత్తే హక్కు మా చర్చికి లేదు. ఎందుకు లేదో చెప్పకపోతే నేనూ ఆ గ్రూపులో ఒక దండం పెట్టి ఊరుకున్నట్టే.

ఆవిడ మా ఆయనకు అక్క. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగిన వాళ్ళకి "నంబర్ కలవలే" అని చెప్పేది. ఉద్యోగం టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో. ట్రంకాల్స్ కలిపీ కలిపీ మాట పొదుపు అలవాటైంది. గుంటూరు వైపు నుంచి కోడలిగా వచ్చిన నేను ఏ కబురైనా మొదటి నుంచి అందుకునేదాన్ని. "విషయం చెప్పే మరదలా, లైన్ కట్ అయితది" అనేది. నేను కాలేజీలో పాఠాలు చెప్పినదాన్ని. నా మాటను సగంలో తెంచే ధైర్యం మా ప్రిన్సిపాల్‌కే ఉండేది కాదు. మా ఆయన పోయినప్పుడు వచ్చి నెలల తరబడి నా దగ్గరే ఉంది. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. రోజూ సాయంత్రం నా పక్కన కూర్చుని బఠానీలు ఒలిచేది. పరామర్శకు వచ్చి వాక్యాలు వల్లించిన వాళ్ళెవరూ నాకు గుర్తులేరు. ఆ బఠానీలు గుర్తున్నాయి.

మా చర్చిలో ప్రభువు బల్లనాడు, అంటే క్రీస్తు కడరా భోజనాన్ని తలచుకుని రొట్టె, రసం పంచే రోజున, చిన్న చిన్న గాజు గ్లాసుల్లో పోసే ద్రాక్షారసం ఏళ్ళ తరబడి ఆవిడే చేసింది. ఎండలు మొదలయ్యే రోజుల్లో మోండా మార్కెట్‌కి నల్లద్రాక్ష వచ్చేది. ప్రతి బుట్టలోంచీ ఒకటి నోట్లో వేసుకునేది.

"అమ్మా, జెర కొని తినరాదు?" అనేవాడు బండివాడు.

"తినకుండ కొంటే చర్చి మొత్తం మొహం పులుపు పెడ్తది. నీ పేరే చెప్త మల్ల."

పళ్ళు కడిగి, తెల్ల పంచె మీద ఆరబోసి, తడి పూర్తిగా పోయాక చేత్తో చిదిమి, చక్కెరా గుప్పెడు గోధుమలూ వేసి జాడీకి గుడ్డ కట్టేది. క్రిస్మస్‌కి ఇంట్లోకని పెట్టే జాడీలో లవంగం, దాల్చినచెక్క పడేవి. చర్చి జాడీలో పడేవి కావు. "ఆయన బల్లకు మసాలా ఎందుకే?" రోజూ కట్టె గరిటెతో కలపడం ఆవిడ పని. నేను గుడ్డ ఎత్తబోతే మాత్రం, "జూడకు, సిగ్గుపడ్తది" అని చేతిమీద కొట్టేది.

చాలా ఏళ్ళ కిందట, కొత్తగా వచ్చిన పాస్టరుగారు పులిసినది మత్తు పానీయమన్నారు. ఇకమీదట బజారు సీసాల్లోని ద్రాక్ష షర్బత్ చాలునని కమిటీ తీర్మానించింది. అంతవరకైతే అది వాళ్ళ నమ్మకం, నేను వాదించను. కానీ ఆ మీటింగులో ఒక సంఘపెద్ద లేచాడు. "ఇంట్ల బట్టీ పెట్టుకున్న ఆడమనిషి చేతిది తెచ్చి బల్ల మీద పెడ్తున్నం" అన్నాడు. సారా కాచేదన్నమాట మా వదిన! ఆవిడ వెనక బెంచీలోనే కూర్చుని ఉంది. ఆయన్ని కూర్చోమన్నవాడు ఒక్కడూ లేడు. నేను లేవబోతే నా కొంగు పట్టి లాగి కూర్చోబెట్టింది.

ఆ ఏటి రసం అప్పటికే సిద్ధమైపోయింది. సీసాల్లో పోసి, బిరడాలకు కొవ్వొత్తి మైనం కరిగించి, మెట్టుగూడ ఇంట్లో రాతిమెట్ల కింద చీకట్లో పడుకోబెట్టింది. ఎండాకాలం వాటిమీద తడి గోనెసంచి కప్పేది. కొన్ని పగిలాయి, కొన్ని మరీ పులిసి సిర్కా అయిపోయాయి. చివరికి ఒక్కటి మిగిలింది.

"అడుగుతరు. కోపం దిగినంక వాళ్ళే అడుగుతరు" అనేది. తప్పు చేసినవాళ్ళకి కోపమేమిటి, అది దిగడమేమిటి అని నేను కొట్లాడేదాన్ని. ఆవిడ ప్రతి బల్లకూ వెళ్ళి ఆ గులాబీరంగు షర్బత్ తాగి వచ్చేది. పాస్టర్లు మారారు, కమిటీలు మారాయి, ఆ పెద్దాయన కొడుకే కార్యదర్శి అయ్యాడు. ఎవరూ అడగలేదు. మనమైనా తాగుదామంటే, "చర్చికని చేసింది. వాళ్ళు ముట్టనిది నేనెట్ల ముడ్త?" అనేది.

ఈ వానాకాలం మంచం పట్టింది. గట్టి పదార్థమేదీ గొంతు దిగేది కాదు. ఒక మధ్యాహ్నం వెళ్ళి, మెట్ల కిందికి వంగి ఆ సీసా తెచ్చి మంచం మీద పెట్టాను.

"ఇవాళ తెరుస్తున్నాను. లైన్ కట్ అవుతుంది వదినా" అన్నాను.

చాలాసేపు సీసానే చూసింది. "తియ్యి" అంది.

బిరడా పొడిపొడిగా ఊడి లోపల పడింది. టీ జల్లెడ తెచ్చాను.

"దాంట్లనా? నీ చదువుల మన్నువడ. మల్లుగుడ్డ తే."

నలుపు తిరిగిన ఎరుపు ఉంటుందనుకున్నాను. గ్లాసులోకి ఇటుకరంగు దిగింది. మొదట మూసి ఉంచిన బీరువా వాసన. కాసేపు అలా వదిలేస్తే ఎండుద్రాక్ష, ముదురు పాకం, ఎక్కడో కాస్త తడిమట్టి. నాలుక మీదికి తీపి ముందు పరిగెత్తుకు రాలేదు. పులుపు మెత్తబడింది, వగరు అంచున మాత్రం ఉంది. మింగాక కూడా ఆ రుచి నోరు విడిచిపోలేదు. నాకు ఇంకా కోపం వచ్చింది. ఇంత మంచిదా! దీన్నా కాదని షర్బత్ తాగాం!

ఆవిడకి చెంచాతో పోశాను. కళ్ళు మూసుకుని నోట్లోనే ఉంచుకుంది. ఏదో గొప్ప మాట అంటుందని ఎదురుచూశాను.

"చక్కెర జెర ఎక్కువైంది" అంది. ఇంకో చెంచా అడిగి తాగింది. తర్వాత, "మిగిలింది మూసిపెట్టే. వాళ్ళొస్తే గావాలె."

"ఎవరొస్తారు వదినా? ఎవరొస్తారు?" అని అరిచాను.

"గట్టిగ ఎందుకే? మంచిగనే ఇనొస్తున్నది."

వారం తిరక్కుండా పోయింది.

సమాధి దగ్గర కార్యదర్శి ఆవిడ భక్తి గురించి చాలాసేపు మాట్లాడాడు. మట్టి వేశాక నా దగ్గరికి వచ్చాడు. "ఆంటీ, పెద్దమ్మ చేసిన వైన్ ఏమన్న మిగిలిందా? ఆదివారం బల్ల మీద పెడ్తే మంచిగుంటది. యాదికి."

వచ్చారు. అడిగారు. ఆవిడని మట్టిలో పెట్టిన తర్వాత! లేదని చెబితే నాకు హాయిగా ఉండేది. కానీ ఆ సీసా నాది కాదు.

"మీ నాన్న ఆవిణ్ణి ఏమన్నాడో తెలుసా?"

"పాత ముచ్చట ఆంటీ, ఇప్పుడెందుకు..."

"అది మైకులో చెప్పు. తర్వాత సీసా తెస్తాను."

ఆదివారం చర్చిలో చెప్పాడు. నేలచూపులు చూస్తూ, సగం మింగి చెప్పాడు. కానీ బట్టీ అన్న మాట అందరికీ వినబడింది. నేను సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాను.

ఉన్నది తలా నాలుగు చుక్కలు వచ్చింది. ఆ పెద్దాయన ఇప్పుడు చక్రాల కుర్చీలో వస్తాడు. మనుషులు గుర్తులేరు, అన్న మాటలూ గుర్తులేవు. దేవుడు కొందరికి అలాంటి సౌకర్యాలు ఇస్తాడు. కొడుకు గ్లాసు అందిస్తే తాగి, పెదాలు చప్పరించాడు. అందరూ తలలు వంచుకున్నారు, నేను వంచలేదు. ఆయన వేలెడంత గ్లాసుని నాలుక మీద బోర్లించి, అడుగున ఉన్నది కూడా రాల్చుకుని, "మంచిగున్నది. ఎవరు చేసిన్రు?" అని అడిగాడు.

ఇంకొంచెం పోస్తారేమోనని ఖాళీ గ్లాసు చాచి, అలాగే పట్టుకుని కూర్చున్నాడు.