బాలానగర్ డాళ్లు, రాయదుర్గం రాళ్లు: కాకతీయ సైనికురాలిగా ఒక శనివారం

వారమంతా వేరేవాళ్లు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. హైటెక్ సిటీలో ఆఫీసు, కూకట్‌పల్లిలో హాస్టల్, ఆదివారం చర్చిలో క్వయర్. ఈ మూడింటి మధ్యే తిరుగుతున్న నాకు ఒక సాయంత్రం రాయదుర్గం బండరాళ్ల మీద పదిహేనుమంది కర్రలు పట్టుకుని యుద్ధం చేస్తూ కనిపించారు. అది డైలాగులు చెప్పే నాటకం కాదు. కాకతీయుల కాలంలో సైనికుడు ఏం కట్టుకున్నాడు, బల్లెం ఎలా పట్టాడు, ఏం తిని నడిచాడు అన్నది శిల్పాలూ శాసనాలూ చూసి తెలుసుకుని, అలాగే చేసి చూసే సరదా. ఆ మరుసటి వారమే చేరిపోయాను. బాపట్లలో ఉన్న మా అమ్మ ఫోన్‌లో ఒకటే మాట అంది: "ప్రార్థన చేసుకునే పిల్లవి, నీకు బల్లేలెందుకే షారోనూ?" "అమ్మా, మొనలు మొద్దువే, మనుషులే కాస్త చురుకు" అన్నాను.

మూడు నెలల సాధన తర్వాత, దసరా దాటిన మొదటి శనివారం సాయంత్రం ఐదింటికి మా మొదటి ప్రదర్శన పెట్టుకున్నాం. బల్లేల వరసకు నన్నే సర్దారును చేశారు. సంతోషించాల్సిన మాటే గానీ, ఆటలో మొదటి ఘట్టం ఆయుధపూజ. సర్దారే ఆయుధాలకు బొట్టుపెట్టి హారతివ్వాలి. నేను బాప్తిస్మం తీసుకున్న విశ్వాసిని. ఆ పని చేయలేనని నాకు మొదటి రోజే తెలుసు. చెబితే పంపించేస్తారేమోనని నోరు మెదపలేదు. సాధనల్లో ఆ ఘట్టానికి ఎవరో ఒకరు హారతి ఇచ్చేసేవారు, ఇక ఆ రోజు నాకు తప్పదు.

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు డిపోలు దాటడం లేదు. బాలానగర్‌లో చేయించిన ఆరు డాళ్లు, ఆరు బల్లెం మొనలు తెచ్చే పని నా మీద పడింది. పొద్దున తొమ్మిదింటికి కూకట్‌పల్లి రోడ్డు మీద నిలబడితే అరగంటకు ఒక ఆటో ఆగింది. డ్రైవర్ పేరు యాదగిరి, ఊరు జనగామ వైపు. బాలానగర్ వెళ్లి, అక్కడి నుంచి రాయదుర్గం దించడానికి నాలుగు వందలు అడిగాడు. మామూలు రోజుల్లో అంత కాదు గానీ సమ్మె రోజుల్లో న్యాయమే.

"ఆంధ్రోళ్లా మేడం?" మూసాపేట దగ్గర అద్దంలో చూస్తూ అడిగాడు.

"అవునండి, బాపట్ల."

"అయితేంది, ఫికర్ చెయ్యకుండ్రి. తెలంగాణ మేం తెచ్చుకుంటం, మీరు నా కిరాయి ఇచ్చుకుండ్రి" అని తనే నవ్వేశాడు. నాకూ నవ్వొచ్చింది.

బాలానగర్ పారిశ్రామికవాడలో వీధి చివర అంజయ్యగారి రేకుల షెడ్డు. నలభై ఏళ్లుగా లేత్ మిషన్ మీద పనిచేస్తున్న మనిషి. దసరాకు కట్టిన బంతిపూల దండలు మిషన్లకు ఇంకా వేలాడుతున్నాయి, ఇనుము మీద కుంకుమ ఎండిపోయి ఉంది. నేను వాటివైపే చూస్తుండటం గమనించి, "ఏందమ్మా, గట్ల చూస్తున్నవు?" అన్నాడు. ముక్కూమొహం తెలియని ఆయనకు నా సమస్యంతా చెప్పేశాను. మూడు నెలలుగా ఎవరికీ చెప్పని మాట అది.

అంజయ్యగారు డాలు పట్టీకి రివెట్ కొట్టడం ఆపలేదు. "మా తాన జోసెఫ్ అని వెల్డర్ ఉన్నడు బిడ్డా. దసరకు బొట్టు పెట్టడు, కొబ్బరికాయ కొట్టడు. కని ఆ పొద్దు అందరికన్న ముందల వస్తడు. మిషన్లన్నిటిని గ్యాస్‌నూనెతోని కడిగి, ఆయిల్ పోసి, పక్కకు జరుగుతడు. ఆయన కడిగినంకనే మేం పూజ చేస్తం. పన్నెండేండ్లాయె. ఒక్కనాడు లొల్లి కాలె."

"మరి మొదటి ఏడాది ఏమన్నారండి మీరు?"

"నేనేమంట? మొదటి దినమే చెప్పిండు. చెప్పకుండ ఎగ్గొడితే కోపమొస్తుండె."

ఆ చివరి మాట నాకు సూటిగా తగిలింది.

పదకొండున్నరకు సామాను ఆటోలో సర్దుకుని బయలుదేరాం. కూకట్‌పల్లి దాటి హైటెక్ సిటీ వైపు తిరిగాక పోలీసులు ఆపారు. కానిస్టేబుల్ గోనెసంచి విప్పి, మొనలు బయటికి తీశాడు.

"ఏందమ్మా ఇవి? లొల్లి చెయ్యనీకి పోతున్నరా?" అంటూనే నా మెడలో సిలువ చూశాడు. గొంతు మెత్తబడింది. "ఓ, చర్చిల డ్రామానా? గట్ల చెప్పరాదు! పోండి పోండి."

యాదగిరి అప్పటికే ఆటో స్టార్ట్ చేశాడు. తల ఊపితే చాలు.

"కాదండి" అన్నాను. "చర్చి నాటకం కాదు. కాకతీయుల కాలం నాటి యుద్ధం ఆడతాం. మొనలు మొద్దువి, కావాలంటే చూడండి."

చూశారు. ఎస్సైగారు వచ్చేదాకా నలభై నిమిషాలు ఎండలో నిలబడ్డాం. ఆయన ఒక మొనను బొటనవేలితో నొక్కి చూసి, మర్యాదగానే మాట్లాడారు. "ఆట మంచిదే. కని ఈ టైముల ఇవి రోడ్డు మీద కనిపియ్యొద్దు. మొనలు ఈడ పెట్టి పోండి, సోమవారం స్టేషన్‌కు వచ్చి తీస్కపోండి." ఆయన చెప్పిందాంట్లో తప్పేమీ లేదు.

ఆటో కదిలాక యాదగిరి తల పట్టుకున్నాడు. "ఊ అంటే అయిపోతుండె గద మేడం!"

"సాయంత్రం మావాళ్లకు ఒక నిజం చెప్పాలండి. మధ్యాహ్నమే అబద్ధమాడితే సాయంత్రానికి నోరు పెగలదు."

"మీ నిజానికి నా గిరాకి పాయె" అన్నాడు గానీ, కిరాయి మీద పైసా ఎక్కువ అడగలేదు.

రాయదుర్గం చేరేసరికి దాదాపు రెండైంది. సమ్మె వల్ల అందరూ నడిచో, బళ్ల మీదో ఒక్కొక్కరే వస్తున్నారు. మా గుంపును నడిపేది శ్రీధర్. కర్నూలు మనిషి, నాలాగే ఐటీ ఉద్యోగి. డాళ్లు దించి, మొనల సంగతి చెప్పి, ఆ వెంటనే రెండో సంగతీ చెప్పాను.

"షారోన్, అది యాక్టింగే కదా. ఎవరూ నిజంగా మొక్కడం లేదు."

"భయం నటిస్తాను, చావు నటిస్తాను. ప్రార్థన నటించలేను శ్రీధర్. నమ్మకం లేకుండా మీ దేవుడి ముందు హారతి పట్టడం ఆయనకైనా మర్యాద కాదు."

"ప్రదర్శనకు మూడు గంటల ముందా చెప్పేది?" అతని కోపం న్యాయమే. క్షమించమన్నాను. తర్వాత నేను చేయగలిగింది చెప్పాను: పూజకు ముందు అందరి డాళ్లూ కర్రలూ నేనే నూనెగుడ్డతో తుడిచి వరసగా పెడతాను. పూజ జరుగుతున్నంతసేపూ పై బండ మీద, బయటికి తిరిగి కాపలా ఉంటాను. హారతి ఇంకొకరు ఇస్తారు. యుద్ధంలో వరస నాదే.

శ్రీధర్ ఆ బండ ఎక్కి చుట్టూ చూసి దిగాడు. "సైన్యమంతా ఆయుధాలు కింద పెట్టినప్పుడు ఒకరు కాపలా ఉండాల్సిందే. ఇన్నాళ్లూ మనమే ఆ సంగతి మరిచిపోయాం" అన్నాడు. కోపం ఇంకా పూర్తిగా పోలేదని గొంతులో తెలుస్తూనే ఉంది.

ఐదింటికి అరవైమంది దాకా చూడటానికి వచ్చారు. నేను బండ ఎక్కి, కర్ర పట్టుకుని నిలబడ్డాను. ఎదురుగా ఎండకు మెరిసే అద్దాల మేడలు, దూరంగా రోడ్డు మీద జెండాలతో సాగే ఊరేగింపు, "జై తెలంగాణ" నినాదాలు. వెనక నుంచి గంట చప్పుడు, కర్పూరం వాసన. నేను మనసులో నా ప్రార్థన నేను చేసుకున్నాను. శత్రువుల వేషంలో ఉన్నవాళ్లు రాళ్ల వెనక నుంచి రాగానే గట్టిగా కేక వేసి కిందికి దూకాను. భుజం మీద ఒక దెబ్బ పడింది, వరస మాత్రం చెదరలేదు.

అంతా అయ్యాక ఇమ్రాన్ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మా బల్లేల వరసలోవాడే, మెహదీపట్నం నుంచి వస్తాడు. "సాధనల పూజ టైముకు నేను ఛాయ్ తాగనీకి పోతుంటి, చూసినవా?" అని మెల్లగా అడిగాడు. నేను చూడనేలేదు. "వచ్చేసారి ఆ బండ మీద జర జాగా ఉంచు. కాపలాకు ఇద్దరుండాలె."

విశ్వాసం ఉన్నవాళ్లు ఇలాంటి ఆటల్లో చేరవచ్చా అని నన్ను అడిగేవాళ్లకు నా జవాబు: నిస్సందేహంగా చేరండి. ఏది చేస్తారో, ఏది చేయరో మొదటి వారమే చెప్పండి. నేను మూడు నెలలు ఆగి శ్రీధర్‌కు మూడు గంటలే మిగిల్చాను. ఆ భయం ఎవరూ నా మీద పెట్టింది కాదు, నాకు నేనే పెట్టుకున్నది. ఆ సాయంత్రం తర్వాత ఆ బండలు నాకు మరింత సొంతమయ్యాయి.

ఒక సలహా: డాలు చేయించుకునేవాళ్లు పదిహేను రోజుల ముందే బాలానగర్ వెళ్లి, మీ మోచేతి కొలత మీరే ఇచ్చి రండి. మేం ఆరింటికీ శ్రీధర్ చేతి కొలతే ఇచ్చాం. నా పట్టీ వదులై యుద్ధమంతా డాలు జారుతూనే ఉంది.