మాస్టారు పట్టుకోమన్న స్వరం

“మాస్టర్ ఖలాస్” అన్నాడు నేను పనిచేసే ఇంటి డ్రైవరు, వంటింటి గుమ్మంలో కూరల సంచి దించుతూ. గ్యాసు అయిపోయినా ఖలాసే, మనిషి పోయినా ఖలాసే! వీడి నోరు పడిపోను అనుకున్నాను. మా చర్చిలో పాటలు నేర్పే మాస్టారు రోలా పేటలో తన గదిలో నిద్రలోనే పోయారట.

యానాం ఆయనది. అక్కడి ఫ్రెంచి ఫాదరు దగ్గర ఆర్గన్ నేర్చుకున్నారు. షార్జాలో టైపిస్టు. ఫ్రెంచివాళ్ళు ఈ కాలంలో కట్టిన లాటిన్ కీర్తనలంటే ప్రాణం. ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళం, దుకాణాల్లో పనిచేసే మగవాళ్ళు, అందరి చేతా నాలుగు గొంతుల్లో పాడించేవారు.

నాకు ఆల్టో ఇచ్చారు, అంటే ఆడవాళ్ళలో కింది గొంతు. పైవాళ్ళు హాయిగా పాడుకుంటూ పోతారు. నేను ఒకే స్వరం పట్టుకుని నిలబడాలి. పక్కనే ఇంకో స్వరం వచ్చి ఒరుసుకుంటుంది. మా కాకినాడ చర్చిలో అందరం ఒకే రాగం ఎత్తుకుంటాం కదా, నేనూ మెల్లగా జారి పక్కవాళ్ళలో కలిసేదాన్ని. ఆర్గన్ ఆగిపోయేది.

“మళ్ళీ కలిసిపోయావేంటమ్మా?”

“మధ్యలో ఇరుక్కుపోయినట్టుందండీ మాస్టారూ.”

“ఇరుక్కునే ఉండు. ఆ ఒరుసుకోడంలోనే ఉందమ్మా ప్రార్థన.”

నాకు ఒళ్ళు మండేది. వారమంతా ఇరుక్కునే ఉన్నాను కదా! పాస్‌పోర్టు నన్ను పనికి తెచ్చుకున్న కఫీల్ బీరువాలో, గేటు తాళం ఆయన భార్య చేతిలో. ఆవిణ్ణి మామా అని పిలుస్తాం. ఒంటరిగా గడప దాటనిచ్చేది కాదు. శుక్రవారం మాస్టారే బస్సు దిగి, చెమటలు కక్కుతూ వచ్చి తీసుకెళ్ళి, మళ్ళీ అప్పజెప్పేవారు.

ఒకసారి మామా కుదరదంది. ఆయన ఎండలో నిలబడి, “ఆల్టో లేకపోతే పాట లేదు మేడమ్” అని వచ్చీరాని అరబ్బీలో చెప్పారు. ఆల్టో అంటే ఏమనుకుందో మహాతల్లి, తాళం తీసింది. దారంతా నవ్వాపుకోలేక చచ్చాను.

“నిజమే చెప్పాను కదమ్మా” అన్నారాయన.

నేను లేకపోతే ఏదైనా ఆగుతుందని నా జన్మలో అన్న మనిషి ఆయనొక్కరే.

నిన్న శుక్రవారం. చర్చిలో ఆయన కోసం పాడతారని తెలిసి తెల్లచీర కట్టుకుని మామా ముందు నిలబడ్డాను. “మాస్టర్ మాఫీ, చర్చి మాఫీ” అంది. మాస్టర్ లేడు, ఇక చర్చీ లేదు. కోపంగా కూడా అనలేదు. ఇక ఏ శుక్రవారమూ నాది కాదని అప్పుడు అర్థమైంది.

పెరట్లో దుప్పట్లు ఆరేస్తూ, అక్కడ చర్చిలో వాళ్ళు మొదలుపెట్టే వేళకి నా వంతు ఎత్తుకున్నాను. ఒకే స్వరం. జారిపోదామన్నా పక్కన ఎవరూ లేరు.

మామా కిటికీలోంచి అరిచింది, “ఏమైంది, కడుపునొప్పా?”

జవాబు చెప్పాలంటే స్వరం వదలాలి. తడి దుప్పటి అంచు పట్టుకుని అలాగే నిలబడ్డాను.